మోడ్ నంబర్ కాదు, ఎడ్జ్ చూడండి: చిప్‌ల మధ్య ఎస్‌పీఐ క్లాక్ సెట్ చేసుకునే పద్ధతి

ఒక క్లాక్ లైన్ తాళానికి చిప్‌లు బిట్లు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి ఎస్‌పీఐ. ఆ తాళం ఎలా ఉండాలో చెప్పే మోడ్‌లు దానికి నాలుగు, 0 నుంచి 3 దాకా. కొత్త సెన్సర్‌కి దాని నాలుగు వైర్లు కలిపి, కోడ్ రాసి రన్ చేస్తే అంకెలు వస్తాయి. కాకపోతే తప్పుడు అంకెలు. అప్పుడు మనలో చాలామంది చేసే పని ఒకటే. మోడ్ 0 తీసేసి 1 పెడతాం, అది కాకపోతే 2, అదీ కాకపోతే 3. ఎక్కడో ఒకచోట సరైన అంకె కనబడుతుంది, హమ్మయ్య అనుకుని బోర్డు మూసేస్తాం. నేనూ చాలాకాలం ఇలాగే నెట్టుకొచ్చాను. ఇందులో చిక్కేమిటంటే, నాలుగు మోడ్‌లలో ఒక్కటే పనిచేస్తే బాగుండేది. చాలాసార్లు రెండు పనిచేస్తున్నట్టు కనిపిస్తాయి, ఒక్కోసారి మూడు. వాటిలో ఒకటి నిజంగా సరైనది. మిగతావి టేబుల్ మీద బుద్ధిగా ఉండి, బోర్డు వేడెక్కినప్పుడో, ఇంకో బ్యాచ్ చిప్ పెట్టినప్పుడో మొండికేస్తాయి.

కాబట్టి ఈ పద్ధతిలో మోడ్ నంబర్ చివర్లో వస్తుంది. ముందు ఎడ్జ్ తేల్చుకుంటాం.

ఒక్క బిట్‌కి రెండు ఎడ్జ్‌లు ఎందుకు

క్లాక్ లైన్ సున్నా నుంచి ఒకటికి ఎక్కితే రైజింగ్ ఎడ్జ్, ఒకటి నుంచి సున్నాకి దిగితే ఫాలింగ్ ఎడ్జ్. ఒక బిట్ ప్రయాణానికి రెండు పనులు జరగాలి. పంపేవాడు బిట్‌ని లైన్ మీద పెట్టాలి, తీసుకునేవాడు దాన్ని చదువుకోవాలి. ఈ రెండు పనులూ ఒకే ఎడ్జ్ మీద పెడితే, లైన్ మారుతున్న క్షణంలోనే అవతలివాడు చదువుతాడు. నల్లబల్ల మీద రాస్తున్న చేయి కదులుతుండగానే నోట్‌బుక్‌లోకి ఎక్కించుకున్నట్టు. పాత అక్షరం దొరుకుతుందా, కొత్తది దొరుకుతుందా అన్నది అదృష్టం.

అందుకని ఒక ఎడ్జ్ మీద పెట్టడం, దానికి ఎదురు ఎడ్జ్ మీద చదవడం. మధ్యలో సగం క్లాక్ కాలం దొరుకుతుంది, ఆలోపు లైన్ మీద వోల్టేజ్ కుదురుకుంటుంది. చదివే ఎడ్జ్‌కి ముందు బిట్ ఎంతసేపు కదలకుండా ఉండాలో అది సెటప్ టైమ్. ఎడ్జ్ దాటాక ఇంకెంతసేపు ఉండాలో అది హోల్డ్ టైమ్. ఈ రెండు మాటలూ గుర్తుంటే చాలు, మిగతా కథంతా వీటి చుట్టూనే.

ఎస్‌పీఐని 1980లలో మోటరోలా తన మైక్రోకంట్రోలర్ల కోసం తెచ్చింది. తర్వాత అందరూ వాడుకున్నారు, కానీ అందరికీ ఒకే నియమావళి అంటూ ఏ ప్రమాణాల సంస్థా రాసిపెట్టలేదు. బోర్డు మీది చిప్‌లని పరీక్షించడానికి వాడే జేట్యాగ్ సంగతి వేరు. 1990లో ఐఈఈఈ 1149.1గా వచ్చిన ఆ ప్రమాణంలో ఇన్‌పుట్‌లు రైజింగ్ ఎడ్జ్ మీద చదవాలి, అవుట్‌పుట్ ఫాలింగ్ ఎడ్జ్ మీద మారాలి, అంతే, ఇంకో మాట లేదు. రెండు వైర్లతో చిప్‌లు మాట్లాడుకునే ఐ2సీలోనూ క్లాక్ పైన ఉన్నంతసేపు డేటా కదలకూడదని ముందే రాసేశారు. ఎస్‌పీఐలో మాత్రం ఏ చిప్ తయారీదారు ఇష్టం వాళ్లది. మనకి ఈ తంటా అంతా అక్కడి నుంచే.

మొదటి మెట్టు: డేటాషీట్‌లో బొమ్మ చూడండి, వాక్యం కాదు

చిప్ డేటాషీట్ తెరిచి టైమింగ్ డయాగ్రమ్ ఉన్న పేజీకి వెళ్లండి. మొదటి పేజీలో "మోడ్ 0, మోడ్ 3 పనిచేస్తాయి" అని రాసి ఉన్నా సరే, బొమ్మ దాకా వెళ్లండి. చిప్ లోపలికి వెళ్లే డేటా లైన్ దగ్గర సెటప్, హోల్డ్ అని రెండు చిన్న బాణాలు ఉంటాయి. ఆ రెండూ ఏదో ఒక ఎడ్జ్ దగ్గర కలుస్తాయి. ఒకటి దానికి ఎడమన, ఒకటి కుడిన. అవి కలిసే గీతే చిప్ చదివే ఎడ్జ్. దీన్ని పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి.

తర్వాత చిప్ నుంచి బయటికి వచ్చే లైన్ చూడండి. అక్కడ క్లాక్ నుంచి అవుట్‌పుట్‌కి పట్టే ఆలస్యం ఒక ఎడ్జ్ నుంచి మొదలై డేటా మారే చోట ముగుస్తుంది. ఆ మొదలయ్యే ఎడ్జే చిప్ డేటా పెట్టే ఎడ్జ్. మామూలుగా ఇది మొదటిదానికి ఎదురుగా ఉంటుంది. రెండూ ఒకటే అయితే ఒక్క క్షణం ఆగండి. మీరు బొమ్మ తప్పు చదివి ఉండాలి, లేదా అది నిజంగానే తేడా చిప్ అయి ఉండాలి. రెండో రకం తక్కువేగానీ లేకపోలేదు.

వాక్యాన్ని ఎందుకు నమ్మొద్దంటున్నానంటే, "డేటా ఫాలింగ్ ఎడ్జ్ మీద బయటికి వస్తుంది" అన్న వాక్యాన్ని చదివి, "అయితే నేను ఫాలింగ్ ఎడ్జ్ మీద చదవాలి కాబోలు" అనుకునేవాళ్లు కోకొల్లలు. ఆ వాక్యం చెబుతున్నది చిప్ ఎప్పుడు మారుస్తుందో. మీరు చదవాల్సింది దానికి ఎదురు ఎడ్జ్ మీద. ఇంకొన్ని డేటాషీట్లు "డేటా ఫాలింగ్ ఎడ్జ్ మీద చెల్లుతుంది" అంటాయి. ఇక్కడ చదవాల్సింది ఫాలింగ్ మీదే. మాటలు దాదాపు ఒకటే, అర్థం తలకిందులు. బాణాలు అలా మోసం చేయవు.

రెండో మెట్టు: పని లేనప్పుడు క్లాక్ ఎక్కడ ఉండాలి

ఏ చిప్‌తో మాట్లాడుతున్నామో చెప్పే చిప్ సెలెక్ట్ లైన్, అంటే సీఎస్, కిందికి దిగే క్షణానికి క్లాక్ ఏ స్థాయిలో ఉందో అదే బొమ్మలో కనిపిస్తుంది. సున్నా దగ్గర ఉంటే సీపోల్ 0, ఒకటి దగ్గర ఉంటే సీపోల్ 1. సీపోల్ అంటే ఇంతే.

సీఫా అనేది కొంచెం తికమక పెడుతుంది. అది రైజింగా ఫాలింగా అని చెప్పదు. క్లాక్ విశ్రాంతి స్థాయి నుంచి మొదటిసారి కదిలినప్పుడు చదవాలా, తిరిగి వెనక్కి వచ్చినప్పుడు చదవాలా అన్నది చెబుతుంది. మొదటి ఎడ్జ్ మీద చదివితే సీఫా 0, రెండో ఎడ్జ్ మీద చదివితే సీఫా 1.

వీటిని కలిపితే నాలుగు మోడ్‌లు వస్తాయి. మోడ్ 0లో క్లాక్ కింద ఉంటుంది, రైజింగ్ మీద చదవాలి. మోడ్ 1లోనూ కిందే ఉంటుంది, కానీ చదివేది ఫాలింగ్ మీద. మోడ్ 2లో పైన ఉంటుంది, మొదటి ఎడ్జ్ ఫాలింగ్ కాబట్టి దాని మీదే చదవాలి. మోడ్ 3లో పైన ఉండి, రైజింగ్ మీద చదవాలి. బట్టీ పట్టడం ఇష్టంలేకపోతే ఒక చిట్కా: సీపోల్, సీఫా రెండూ ఒకటే అంకె అయితే రైజింగ్, వేరువేరు అయితే ఫాలింగ్. నేను ఇప్పటికీ దీన్నే వాడతాను.

ఈ లెక్కన మోడ్ 0, మోడ్ 3 అన్నదమ్ములు. రెండూ రైజింగ్ మీదే చదువుతాయి, తేడా అంతా క్లాక్ విశ్రాంతి స్థాయిలోనే. అందుకే డబ్ల్యూ25క్యూ ఫ్లాష్ చిప్‌లు, వోల్టేజ్‌ని అంకెగా మార్చే ఎంసీపీ3008 ఏడీసీ లాంటివి "0 అయినా సరే, 3 అయినా సరే" అంటాయి. అదే రకంగా 1, 2 రెండూ ఫాలింగ్ జట్టు. కానీ "1 లేదా 3" అనే చిప్‌లు కూడా ఉన్నాయి. ఉష్ణోగ్రత కొలిచే మ్యాక్స్31865 అలాంటిదే. 1 ఫాలింగ్, 3 రైజింగ్ కదా, రెండూ ఎలా కుదురుతాయని అనుమానం రావచ్చు. సీఎస్ దిగే క్షణంలో క్లాక్ ఎక్కడుందో ఆ చిప్ చూసుకుని, దాన్ని బట్టి తన ఎడ్జ్‌ని తానే తిప్పుకుంటుంది. రెండో ఎడ్జ్ మీద చదవడం, అంటే సీఫా 1, మాత్రం మారదు. ఇలాంటి చిప్‌కి మోడ్ 0 పెడితే ఏం జరుగుతుందో కాసేపట్లో చూద్దాం.

సీఫా 0లో ఇంకో మెలిక ఉంది. మొదటి ఎడ్జ్ మీదే చదవాలంటే, ఆ ఎడ్జ్ రాకముందే మొదటి బిట్ లైన్ మీద ఉండాలి. దాన్ని పెట్టమని చెప్పే క్లాక్ ఎడ్జ్ ఏదీ లేదు కాబట్టి సీఎస్ దిగడమే సంకేతం. సీఎస్ దింపాక మొదటి క్లాక్‌కి ముందు కనీసం ఇంత సమయం ఆగాలని డేటాషీట్ చెబితే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. రెండు మైక్రోకంట్రోలర్లను కలిపి, ఒకదాన్ని స్లేవ్‌గా, అంటే అవతలివాడి క్లాక్‌ని అందుకునే వైపుగా, పెట్టేటప్పుడు ఈ సమయం మరీ ఇబ్బంది పెడుతుంది, సాఫ్ట్‌వేర్ మొదటి బైట్‌ని ముందే నింపి ఉంచాలి. రెండు వైపులా నిర్ణయం మీదే అయితే అక్కడ సీఫా 1 ఎంచుకోమంటాను.

మూడో మెట్టు: మీ కంట్రోలర్ భాషలోకి మార్చుకోండి

కంట్రోలర్ అంటే క్లాక్ నడిపే మీ మైక్రోకంట్రోలర్. ఇక్కడే చాలామంది పడిపోతారు. చిప్ వైపు అంతా సరిగ్గా తేల్చుకుని, కంట్రోలర్ రిజిస్టర్‌లో, అంటే సెట్టింగులు దాచుకునే లోపలి చోట, తిరగేసి రాస్తారు.

ఆర్డుయినోలో మోడ్ 0 నుంచి 3 వరకు పేర్లు పైన చెప్పినట్టే ఉంటాయి, గొడవ లేదు. ఎంఎస్‌పీ430లో సీఫా స్థానంలో ఉండే ఫేజ్ బిట్ తలకిందులు. ఆ బిట్ 1 అయితే మొదటి ఎడ్జ్ మీద చదువుతుంది, అంటే మనం అనుకునే సీఫా 0. పిక్ కంట్రోలర్లలో సీకేఈ అనే బిట్ కూడా అంతే, మోడ్ 0 కావాలంటే సీకేపీ (అక్కడి సీపోల్) 0, సీకేఈ 1 పెట్టాలి. అట్మెల్ శామ్ చిప్‌లలో దాని పేరు ఎన్‌సీఫా. పేరు ముందున్న ఆ "ఎన్" అక్షరం ఊరికే లేదు, అది తిరగేసిన సీఫా అని ముందే హెచ్చరిస్తోంది.

లినక్స్ డివైస్ ట్రీలో, అంటే బోర్డు మీద ఏ చిప్‌లు ఎలా ఉన్నాయో కెర్నల్‌కి చెప్పే ఫైల్‌లో, ఇంకో రకం ఉచ్చు ఉంది. అక్కడ సీపోల్, సీఫా ప్రాపర్టీల పేరు రాస్తే ఉన్నట్టు, రాయకపోతే లేనట్టు. సీఫా వద్దనుకుని దానికి ఎదురుగా సున్నా రాశారనుకోండి, పేరు ఉంది కాబట్టి కెర్నల్ దాన్ని ఉన్నట్టే లెక్కేస్తుంది. వద్దనుకుంటే ఆ లైన్ మొత్తం తీసేయాలి.

నాలుగో మెట్టు: తెలిసిన అంకెను చదివి చూడండి

మోడ్ పెట్టాక నేరుగా సెన్సర్ రీడింగ్ చూడకండి. గది ఉష్ణోగ్రతో, వంపు కోణమో సరిగ్గా ఎంత రావాలో మీకు తెలియదు, కాబట్టి "దాదాపు బాగానే ఉంది" అనిపించి మోసపోతారు. ఎప్పుడూ మారని అంకె ఉన్న రిజిస్టర్‌ని చదవండి.

ఏడీఎక్స్‌ఎల్345 అనే యాక్సెలరోమీటర్‌ని తీసుకుందాం. ఇది మోడ్ 3 చిప్. దీని సున్నా నంబర్ రిజిస్టర్‌లో 229 ఉంటుంది, ఎప్పటికీ అదే. (229ని ఆక్టల్‌లో రాస్తే 345. చిప్ పేరునే లోపల దాచారు, ఎవరో సరదా మనిషి.) బైనరీలో అది 11100101. ఏ చిప్‌లోనైనా ఇలాంటి గుర్తింపు అంకెను చదివినప్పుడు అంకె కాకుండా బిట్లు చూడండి. 01110010, అంటే 114 వచ్చిందా? బిట్లన్నీ ఒక గడి కుడికి జరిగాయి, మీరు ఒక ఎడ్జ్ ముందే చదువుతున్నారు. 11001010 గానీ 11001011 గానీ వచ్చిందా? ఒక గడి ఎడమకి జరిగాయి, ఎక్కడో ఒక క్లాక్ ఎక్కువ పడింది. అన్నీ సున్నాలో, అన్నీ ఒకట్లో వస్తే ఎడ్జ్ గొడవ కాదు. ముందు వైరింగ్, పవర్, సీఎస్ చూసుకోండి.

ఇప్పుడు మ్యాక్స్31865 దగ్గరికి వద్దాం. దాని పై హద్దు రిజిస్టర్లు రెండూ పవర్ ఇవ్వగానే 255, 255 చూపించాలి. మోడ్ 0 పెట్టి చదివితే ఏమవుతుంది? చిప్ తన బిట్‌ని రైజింగ్ ఎడ్జ్ మీద పెడుతుంది, మీరూ అదే రైజింగ్ ఎడ్జ్ మీద చదువుతున్నారు. చిప్‌కి కొంత ఆలస్యం ఉంటుంది కాబట్టి మీకు దొరికేది అంతకుముందు లైన్ మీద ఉన్నది. లైన్ అప్పటికి సున్నా దగ్గర ఉంటే మొదటి బైట్ 127గా వస్తుంది, రెండోది 255 గానే ఉంటుంది, ఎందుకంటే మొదటి బైట్ చివరి బిట్ జారి రెండో బైట్ తలలోకి వచ్చి పడింది. రీడింగ్ సరిగ్గా సగం వచ్చిందని ఎవరైనా అంటే నా మొదటి అనుమానం ఎప్పుడూ ఇదే. అయితే ఆ సగాన్ని రెండుతో గుణించి సర్దేసిన కోడ్ కూడా నేను చూశాను. చివరి బిట్ పోయింది కదా అని అడిగితే, "పర్లేదండీ, రీడింగ్ కరెక్టే వస్తోంది" అన్నారు.

చదవడం సరే, రాయడం తప్పితే?

ఇది వేరే మెట్టు కాదుగానీ దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే నష్టం జరిగేది ఇక్కడే.

ఏడీఎక్స్‌ఎల్345కి పొరపాటున మోడ్ 1 పెట్టారనుకోండి. చిప్ రైజింగ్ ఎడ్జ్ మీద చదువుతుంది. మీ కంట్రోలర్ సరిగ్గా అదే రైజింగ్ ఎడ్జ్ మీద కొత్త బిట్ పెడుతోంది. చిప్‌కి చాలావరకు పాత బిట్ దొరుకుతుంది, అంటే మీ ఆదేశం ఒక గడి కుడికి జరిగి చేరుతుంది. ఈ చిప్‌లో ఆదేశం మొదటి బిట్ 1 అయితే చదువు, 0 అయితే రాయి. రెండో బిట్ 1 అయితే వరసగా చాలా బైట్లు. మిగతా ఆరు బిట్లు చిరునామా. 49వ రిజిస్టర్‌ని చదవమని 10110001 పంపితే, లైన్ ముందు సున్నా దగ్గర ఉంటే చిప్‌కి అందేది 01011000. అర్థం: 24వ రిజిస్టర్ నుంచి మొదలుపెట్టి వరసగా రాయి! 24 అనేది తయారీదారు ముట్టుకోవద్దన్న రిజిస్టర్లలో ఒకటి. మీరు చదువుదామని వెళ్లి, వద్దన్న చోట రాసి వచ్చారు.

ఆ ఒక్క చిప్‌లో ఏం కాకపోవచ్చు. కానీ సెట్టింగులు శాశ్వతంగా దాచుకునే చిప్ మీద "నాలుగు మోడ్‌లూ మార్చి చూద్దాం" ఆట ఆడితే ఏమవుతుందో ఊహించుకోండి. నేను ఆ ఆట మానేసింది ఇది అర్థమయ్యాకే.

ఇంకో విచిత్రం. పైన చెప్పిన మోడ్ 1 తప్పులో, ఆదేశం ఎలాగోలా సరిగ్గా చేరిందనుకుంటే, చిప్ నుంచి తిరిగి వచ్చే డేటా తరచుగా సరిగ్గానే చదవబడుతుంది. చిప్ ఫాలింగ్ మీద బిట్ మారుస్తుంది, మీరూ ఫాలింగ్ మీద చదువుతున్నారు, కానీ చిప్ మార్చడానికి కొన్ని నానోసెకన్లు పడుతుంది కాబట్టి మారకముందున్న బిట్ మీకు దొరుకుతుంది, అది మీకు కావాల్సిన బిట్టే. ఒక దిశలో సరైనదీ, ఇంకో దిశలో తప్పూ అయ్యే మోడ్ ఇలా ఉంటుంది. అందుకే చదివి చూడటంతో ఆపకండి. రాయడానికి వీలున్న ఒక రిజిస్టర్‌లో 10100101 లాంటిది రాసి, తిరిగి చదివి పోల్చండి.

కంట్రోలర్ డేటా పంపే మోసీ, అందుకునే మీసో పిన్‌లను వైరుతో కలిపి పరీక్షించడం మాత్రం ఎడ్జ్ విషయంలో దండగ. పంపేదీ చదివేదీ ఒకే కంట్రోలర్ కాబట్టి నాలుగు మోడ్‌లలోనూ అది పాసవుతుంది. ఆ పరీక్ష చెప్పేది పిన్‌లు బతికే ఉన్నాయని, అంతవరకే.

అయిదో మెట్టు: వేగం లెక్క వేయండి

ఎడ్జ్ సరిగ్గా ఉన్నా వేగం పెంచితే చదవడం ముందు చెడుతుంది, రాయడం తర్వాత. కారణం ఉంది. రాసేటప్పుడు క్లాక్, డేటా రెండూ కంట్రోలర్ నుంచే బయలుదేరి ఒకే దారిలో వెళ్తాయి, దారిలో ఆలస్యం రెంటికీ సమానం. చదివేటప్పుడు క్లాక్ చిప్ దాకా వెళ్లాలి, చిప్ ఆలోచించుకుని బిట్ పెట్టాలి, ఆ బిట్ వెనక్కి నడిచి రావాలి. ఇదంతా సగం క్లాక్‌లో పూర్తవ్వాలి.

ఎంసీపీ3008తో లెక్క వేద్దాం. 5 వోల్టుల దగ్గర దీని గరిష్ఠ క్లాక్ 3.6 మెగాహెర్ట్జ్. ఫాలింగ్ ఎడ్జ్ తర్వాత డేటా బయటికి రావడానికి గరిష్ఠంగా 125 నానోసెకన్లు పట్టొచ్చు. 3.6 మెగాహెర్ట్జ్ అంటే ఒక క్లాక్ దాదాపు 278 నానోసెకన్లు, అందులో సగం 139. 139లోంచి 125 పోతే మిగిలేది 14. మీ కంట్రోలర్ సెటప్ టైమ్, వైర్ల ఆలస్యం అన్నీ ఆ పద్నాలుగులోనే ఇమడాలి. బోర్డు మీద పక్కపక్కనే ఉంటే సరిపోతుంది, పదిహేను సెంటీమీటర్ల ట్రాక్‌కి ఒక నానోసెకను అటూఇటూగా పడుతుంది.

ఇప్పుడు మధ్యలో, రెండు వైపులనీ విద్యుత్‌పరంగా విడదీసే ఐసొలేటర్ పెట్టాల్సి వచ్చిందనుకుందాం. ఒక్కో దిశకి 30 నానోసెకన్ల ఆలస్యం అనుకుంటే, క్లాక్ వెళ్లడానికి 30, డేటా రావడానికి 30, చిప్‌కి 125, కంట్రోలర్ సెటప్‌కి ఒక 10. మొత్తం 195. సగం క్లాక్ కనీసం అంత ఉండాలి, అంటే పూర్తి క్లాక్ 390 నానోసెకన్లు, వేగం 2.5 మెగాహెర్ట్జ్ దగ్గరికి దిగిపోయింది. చిప్ మారలేదు, కోడ్ మారలేదు, మధ్యలో ఒక ముక్క వచ్చింది, అంతే.

ఈ లెక్కలో క్లాక్ కచ్చితంగా సగం పైన, సగం కింద ఉంటుందని అనుకున్నాం. క్లాక్‌ని బేసి సంఖ్యతో భాగించే కొన్ని కంట్రోలర్లలో అలా ఉండదు. అప్పుడు చిప్ డేటా పెట్టే ఎడ్జ్ నుంచి మీరు చదివే ఎడ్జ్ దాకా నిజంగా ఎంత ఉందో దాన్నే తీసుకోండి. వోల్టేజ్ కూడా చూడండి. అదే ఎంసీపీ3008కి 2.7 వోల్టుల దగ్గర 125 కాస్తా 200 అవుతుంది.

వేగం తగ్గించడం కుదరకపోతే ఇంకో దారి ఉంది, చదివే క్షణాన్ని ఆలస్యం చేయడం. పిక్‌లో ఎస్‌ఎంపీ అనే బిట్ బిట్‌కాలం మధ్యలో కాకుండా చివర్లో చదవమంటుంది. ఎస్‌టీఎం32 క్వాడ్ ఎస్‌పీఐలో సగం క్లాక్ ఆలస్యంగా చదివే సెట్టింగ్ ఉంది. సగం క్లాక్ బదులు దాదాపు పూర్తి క్లాక్ దొరుకుతుంది. పైన "తప్పు మోడ్‌లో కూడా చదవడం సరిగ్గా వచ్చింది" అన్నామే, అదే తప్పుని ఇక్కడ తెలిసి, కొలిచి వాడుకుంటున్నాం. అయితే చిప్ పాత బిట్‌ని ఎడ్జ్ తర్వాత ఎంతసేపు నిలబెడుతుందో డేటాషీట్‌లో చూసుకున్నాకే.

ఆరో మెట్టు: ఒకే ఎస్‌పీఐ వైర్ల మీద రెండు రకాల చిప్‌లు

ఒక చిప్‌కి మోడ్ 0, ఇంకోదానికి మోడ్ 3. ప్రతిసారీ మార్చుకోవచ్చు, కానీ వరస ముఖ్యం. ముందు మోడ్ మార్చండి, క్లాక్ కొత్త విశ్రాంతి స్థాయికి వెళ్లనివ్వండి, ఆ తర్వాతే సీఎస్ దింపండి. ఆర్డుయినోలో ముందు ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి తర్వాత సీఎస్ పిన్ దింపమనేది ఇందుకే.

ఒకసారి నా బోర్డులో పవర్ ఇచ్చాక మొదటి రీడింగ్ మాత్రమే చెత్తగా వచ్చేది, రెండోదాని నుంచి అంతా శుభ్రం. రెండు రోజులు చిప్‌ని అనుమానించాను. చివరికి ఆసిలోస్కోప్‌లో క్లాక్‌నీ సీఎస్‌నీ పక్కపక్కన పెడితే కనిపించింది. నేను కోడ్‌లో మోడ్ రాసినప్పుడు క్లాక్ కదలట్లేదు. పెరిఫెరల్‌ని, అంటే కంట్రోలర్ లోపలి ఎస్‌పీఐ భాగాన్ని, ఎనేబుల్ చేసినప్పుడే కదులుతోంది, ఎనేబుల్ చేసే లైన్ సీఎస్ దింపిన తర్వాత ఉంది. చిప్ దృష్టిలో అది ఒక నిఖార్సైన ఎడ్జ్, ఒక బిట్ లోపలికి వెళ్లిపోయింది. రెండు లైన్లు అటూఇటూ మార్చాను, టెన్షన్ తీరింది. పెరిఫెరల్ ఆపినప్పుడు క్లాక్ పిన్ గాల్లో వదిలేసే కంట్రోలర్లయితే, విశ్రాంతి స్థాయి వైపు లాగే ఒక రెసిస్టర్ కూడా పెట్టుకోండి.

అన్నీ సరిగ్గా ఉన్నా బిట్లు జారుతుంటే

వేగాన్ని పదోవంతుకి దించి చూడండి. తప్పు పోయిందంటే అది అయిదో మెట్టులోని లెక్క, సమయం చాలడం లేదు. తప్పు అలాగే ఉందంటే రెండే అనుమానాలు. ఒకటి, రెండు వైపులా ఒకే ఎడ్జ్ వాడటం. హోల్డ్ టైమ్ తప్పితే క్లాక్ ఎంత నెమ్మదైనా ప్రయోజనం లేదు, ఎందుకంటే పోటీ జరిగేది ఆ ఎడ్జ్ చుట్టూ ఉన్న కొన్ని నానోసెకన్లలోనే. రెండోది, క్లాక్ వైర్ పొడవై ఎడ్జ్ ఊగడం. ఒక ఎక్కే ఎడ్జ్ పైకెళ్లి, కిందికి జారి, మళ్లీ పైకి వెళ్తే చిప్‌కి అది రెండు ఎడ్జ్‌లు. బిట్లు ఎడమకి జరగడానికి మామూలు కారణం ఇదే. దీనికి మందు కంట్రోలర్ పిన్ పక్కనే 22 నుంచి 33 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి సిరీస్‌లో పెట్టడం. లాజిక్ ఎనలైజర్‌లో ఇది కనిపించకపోవచ్చు, దానికి ఒకటీ సున్నా తప్ప ఏమీ తెలియదు. స్కోప్ ప్రోబ్‌ని చిప్ దగ్గరి పిన్ మీదే పెట్టి చూడాలి, గ్రౌండ్ క్లిప్ వీలైనంత పొట్టిగా ఉంచి.

గొలుసుగా కలిపే షిఫ్ట్ రిజిస్టర్ల సంగతి

షిఫ్ట్ రిజిస్టర్ అంటే ప్రతి క్లాక్‌కీ బిట్లని ఒక గడి జరిపే చిప్. అలాంటి 74హెచ్‌సీ595లని ఒకదాని వెనక ఒకటి కలిపినప్పుడు మనం ఇంతసేపూ చెప్పుకున్న నియమం తప్పుతుంది. అన్నీ ఒకే రైజింగ్ ఎడ్జ్ మీద చదువుతాయి, అదే ఎడ్జ్ మీద తర్వాతి చిప్‌కి బిట్ ఇస్తాయి. అయినా నడుస్తుంది, ఎందుకంటే మొదటి చిప్ అవుట్‌పుట్ మారడానికి పట్టే ఆలస్యంలో రెండో చిప్ పాత బిట్‌ని చదివేసుకుంటుంది. ఆ చిన్న ఆలస్యమే మొత్తం గొలుసుకి ఆధారం. క్లాక్ రెండో చిప్‌కి అంతకంటే ఆలస్యంగా చేరితే కొత్త బిట్ చదివేస్తుంది, ఒక గడి ఎగిరిపోతుంది. మామూలుగా బోర్డుకీ బోర్డుకీ మధ్య క్లాక్‌కి మాత్రమే బఫర్ (సిగ్నల్‌ని బలపరిచే చిప్) పెట్టినప్పుడు ఇది మొదలవుతుంది. పెడితే డేటాకి కూడా అదే బఫర్ పెట్టండి. వీలుంటే క్లాక్‌ని డేటాకి ఎదురు దిశలో, చివరి చిప్ నుంచి మొదటిదాని వైపు నడపండి.

లేదా గొలుసుకి సీడీ4094 వాడండి. అందులో తర్వాతి చిప్‌కి ఇవ్వడానికి రెండు అవుట్‌పుట్‌లు ఉంటాయి. ఒకటి రైజింగ్ ఎడ్జ్ మీద మారుతుంది, చురుకైన క్లాక్ ఉన్నప్పుడు దాన్ని కలపాలి. రెండోది అదే బిట్‌ని తర్వాతి ఫాలింగ్ ఎడ్జ్ దాకా ఆపి ఇస్తుంది, క్లాక్ నెమ్మదిగా ఎక్కే చోట తర్వాతి చిప్‌కి సగం క్లాక్ హోల్డ్ టైమ్ దొరుకుతుంది. పొడవాటి గొలుసైతే నేను ఆ రెండో పిన్‌కే వైరు కలుపుతాను.